ముగ్గురం పదివేల మందిమి

చంటక్కకు,

ముందే చెప్తున్నాను, నా అక్షరాలు చూసి నవ్వకు. నేను ఐదో తరగతిలో ఉండగా బడి సముద్రంలోకి పోయింది, దాంతోపాటే నా చదువూ పోయింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. వరసలు వంకరపోయిన చోట, బల్ల లేక ఒళ్లో పెట్టుకుని రాశాననుకో.

నువ్వు ఏటిమొగ కోడలివయ్యాక మన రెండు లంకలూ రెండు దేశాలయ్యాయి. మధ్యలో ఉన్నది అరమైలు పాయ. ఫోను తీగల మీద మాట్లాడితే రెండువైపులా వింటారు కాబట్టి కొబ్బరికాయల పడవలో దీన్ని పంపుతున్నాను. పొన్నలంకలో పదివేల మంది పోయారని మీవాళ్లు చెప్పినప్పుడు నువ్వు ఎంత ఏడ్చి ఉంటావో నాకు తెలుసు. అక్కా, ఆ పదివేల మందీ మేమే. ఎలా పోయామో రోజువారీగా నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్నే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

మొదటి రోజు

పొద్దున్నే సూచీల శాఖ ఇనస్పెక్టరు త్రిమూర్తులుగారు వచ్చి, వంటింటి దూలానికి కొబ్బరికాయంత నల్లటి యంత్రం బిగించారు. దాని అసలు పేరు నాకు నోరు తిరగలేదు. అందరూ ముక్కు అంటున్నారు. మన పొయ్యి ఎంత పొగ వదులుతోందో వాసన చూసి, ప్రపంచ పట్టిక మండలికి రోజూ చెప్తుందట.

“ఇలాంటివి ఎన్ని పెట్టారండీ?” అని మా ఆయన అడిగారు.

“దేశం మొత్తానికి నాలుగండి. నలభై వేల జనానికి నాలుగిళ్లు. మీ ఇల్లంటే పదివేల మందన్నమాట.”

“ఇంట్లో ఉన్నది ముగ్గురమేనండి.”

“లెక్కలో పదివేలండి. మండలి సీలు పడిపోయింది, అయిదేళ్లదాకా మార్చడానికి లేదు.”

అత్తగారు చేటలో బియ్యం పక్కన పెట్టి అడిగింది. “అయితే నేనొక్కదాన్నీ ఎంతమందిని బాబూ?”

“మూడువేల మూడువందల ముప్పైమూడండి. పైన చిల్లర.”

“మా ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్కదాన్ని కిందైనా లెక్కేసేడు కాదు” అంది అత్తగారు.

త్రిమూర్తులుగారు కాగితాలు తీసి ప్రశ్నలు అడిగారు. ఈ దేశంలో ఆడవాళ్ల మాటకు విలువ ఉందా అన్నది నా వంతు ప్రశ్న. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. కొత్తవాళ్లముందు నాకు గొంతు పెగలదని నీకు తెలుసు కదా. ఆయన కాసేపు చూసి, “అభ్యంతరం లేదు” అని రాసుకుని వెళ్లిపోయారు. అలా ఒక్క పూటలో మూడువేల మంది ఆడవాళ్లకు ఏ అభ్యంతరమూ లేకుండా పోయింది.

సాయంత్రం మా ఆయన కాలవ లాకు నుంచి వచ్చాక పట్టిక సంగతి చెప్పారు. ఆయన అక్కడ తలుపులెత్తే లస్కరు కదా, పడవల్లో వచ్చే పెద్దవాళ్ల మాటలు వింటుంటారు. ప్రపంచంలో దేశాలు రెండువందల పన్నెండట. మనది నూట అరవై మూడో మెట్టు. మీ ఏటిమొగది నూట అరవై రెండు. మనకన్నా పైన ఇంకా నూట అరవై ఒక్క దేశాలున్నాయన్న దిగులు మా అధ్యక్షులవారికి లేదు. ఆయన దిగులంతా ఆ ఒక్క మెట్టు గురించే. ప్రపంచ సభలో మెట్టును బట్టి కుర్చీ వేస్తారట. మాకు వేసిన కుర్చీ సరిగ్గా స్తంభం వెనక. మీవాళ్ల కుర్చీ స్తంభం పక్కన, వాళ్లకు వేదిక సగం కనిపిస్తుంది. మా అధ్యక్షులవారు ఏడేళ్లుగా ప్రపంచ శాంతి గురించి స్తంభంతో మాట్లాడి వస్తున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నూట యాభై తర్వాతున్న దేశాలకు ఈ ఏడు మండలి ఇంటింటికీ పొగలేని పొయ్యి ఇస్తుందట. పక్కింటి నాగరత్నం పిన్ని అందరికన్నా ముందు పేరు రాయించుకుంది. నీకు పిన్ని జ్ఞాపకం ఉండే ఉంటుంది, నా పెళ్లిలో నీకు పూతరేకులు మూట కట్టి ఇచ్చింది. ఆమెకు ఉబ్బసం. పొయ్యి రాజేసిన ప్రతిసారీ మధ్యలో బయటికొచ్చి, గోడ పట్టుకుని నిలబడుతుంది. పొయ్యి వస్తే గోడ అవసరం ఉండదని నవ్వుతుంది.

నాలుగో రోజు

అత్తగారు ఎండుచేపలు వేయించింది. పావుగంటలో త్రిమూర్తులుగారు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు.

“కొంప ముంచేశారండీ! రెండువేలిళ్లలో ఒక్కసారే ఎండుచేపలు వేయించినట్టు పడిందండి అక్కడ. రెండు మెట్లు దిగిపోయాం.”

“రెండు సొరచేప ముక్కలకి రెండు మెట్లా?” అంది అత్తగారు.

“ఇయ్యాల్టి నించి మీరు పొయ్యి ఎలిగించొద్దండి. మంత్రిగారి మాట.”

“ఏం తినమంటారు, గాలా?”

“పక్కిళ్లలో వండించి పంపుతామండి. వాళ్లింట్లో ముక్కు లేదు కదా, ఎంత పొగొచ్చినా ఇబ్బంది లేదండి.”

ఇది విని అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైంది. “చావొచ్చిన కొంపలో కదరా పొయ్యి ఆర్పేది! పక్కోళ్లు కూడొండి తెచ్చేది! ఎవడు పోయాడని నా పొయ్యి ఆర్పమంటావ్?”

“దేశం కోసమమ్మా” అన్నారు మా ఆయన.

“దేశం పోయిందా? అయితే సరే” అంది అత్తగారు.

పక్కన కూరలు తరుగుతున్న పిన్ని లేచి వచ్చింది. “నేనొండి ఇస్తాలే వదినా. నలుగురికి వండితే ఏంటి, ఏడుగురికి వండితే ఏంటి.” నేను వద్దని తల ఊపాను. ఎవరూ చూడలేదు.

పన్నెండో రోజు

పిన్ని రెండు పూటలా పెరటి దారిన క్యారేజీ తెస్తోంది. ఇవాళ నేనే ఆమె గుడిసెకు వెళ్లాను. పొయ్యిలో కొబ్బరి మట్టలు, డొక్కలు, తడిసిన పీచు. పొగకి లోపల మనిషి కనపడలేదు, దగ్గు వినపడింది. ఆ చప్పుడు పట్టుకునే వెళ్లి ఆమె చెయ్యి అందుకున్నాను. బయటికొచ్చాక మాట్లాడడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“ఊరుకోవే అమ్మాయ్. ఇంకెన్నాళ్లు, పొయ్యిల ఓడొచ్చేస్తాది. పొయ్యొచ్చాక మీ క్యారేజీ కాదు, మీ నూట అరవయ్యో మెట్టుకి పెళ్లి భోజనం వండి పెడతా.”

పీల్చే మందు డబ్బా చూపించింది. మంగళవారం మంగళవారం ఏటిమొగ పడవలో వస్తుంది అది. అడుగున కొంచెం మిగిలింది.

పదిహేడో రోజు

మనం నూట నలభయ్యో మెట్టెక్కాం. రేవులో బాణసంచా కాల్చారు. ఆ పొగ లెక్కలోకి రాదట.

ఏ దేశమో తెలియదు, ముగ్గురు పెద్దమనుషులు మా వంటిల్లు చూడడానికి వచ్చారు. ముక్కు కింద చల్లగా పడున్న మా పొయ్యిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. బూడిద కొంచెం సీసాలో పోసుకున్నారు. ఇంత తక్కువ పొగతో ఎలా వండుతున్నావమ్మా అని నన్నడిగారు. నేను పైట కొంగు నోటికడ్డం పెట్టుకుని నేల చూశాను. “ఇది ఇక్కడి ఆడవాళ్ల తరతరాల విద్య, బయటివాళ్లకు చెప్పరు” అని త్రిమూర్తులుగారు అన్నారు. వాళ్లు గౌరవంగా వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయారు. వాళ్ల దేశంలో ఇప్పుడు ఏ పిల్ల వంటింట్లో ఉత్త పొయ్యి ముందు కూర్చుందో.

ఇరవయ్యో రోజు

పొయ్యిల ఓడ వచ్చింది. వచ్చి, మన రేవు ముందునుంచే వెళ్లిపోయింది. నూట యాభైకి పైకి వెళ్లిన దేశానికి పొయ్యిలతో పని లేదట. పిన్ని ఒడ్డున నిలబడి చూసింది. ఓడ మలుపు తిరిగేదాకా చూసి, “అంత పెద్ద ఓడ నేనెప్పుడూ చూడలేదే” అంది. తర్వాత మా క్యారేజీ వండడానికి లోపలికి వెళ్లింది.

ఇరవై ఎనిమిదో రోజు

త్రిమూర్తులుగారు వచ్చారు. ముఖం చూస్తే ఏడుస్తున్నారో సంతోషిస్తున్నారో తెలియలేదు.

“అమ్మా, మీరు పోయారండి” అన్నారు.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“పోవడమేనండి. మండలి తేల్చేసింది. మీ ఇంట్లో ఇరవై నాలుగు రోజులుగా పొయ్యి వెలగలేదు. పొగ లేదు, కానీ కూర వాసన ఉంది. అంటే తిండి బయట నించి వస్తోంది. ఈ ప్రాంతం ఆచారాలన్నీ వాళ్ల యంత్రానికి నేర్పేరండి. చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు. ఒక్క చావుకి ఇన్నాళ్లు ఆర్పరు కాబట్టి, వరసగా ముగ్గురూ పోయారని రాసుకుంది. ముగ్గురంటే పదివేలు. పొన్నలంకలో మహమ్మారి అని ప్రపంచమంతా చాటేశారండి.”

“ముగ్గురం పోతే ఆ కూడు తినేదెవడ్రా?”

“చుట్టాలని రాశారండి.”

అత్తగారు మా ఆయన వైపు తిరిగింది. “చూసేవా, నాలుగో రోజునే చెప్పేను. యంత్రానికున్న ఇంగితం మంత్రికి లేదు.”

నలభై ఏడు దేశాలు సంతాపం తెలిపాయట. మీ ఏటిమొగ అధ్యక్షుడు మన పాయలో ఒక పూలదండ వదిలి, వెంటనే పాయను మూసేశాడు. రోగం అంటుకుంటుందని పడవలన్నీ ఆపేశారు. మంగళవారం పడవ కూడా.

“మేం బతికే ఉన్నామని రాసెయ్యండి బాబూ” అన్నారు మా ఆయన.

త్రిమూర్తులుగారు గొంతు తగ్గించారు. “అక్కడే వచ్చిందండీ చిక్కు. పదివేల తలలు తగ్గేసరికి తలకి ఇన్ని బస్తాల ధాన్యం, తలకి ఇన్ని కొబ్బరిచెట్లు, తలకి ఇన్ని ఆసుపత్రి మంచాలు, అన్నీ పెరిగిపోయేయండి. నూట పద్దెనిమిదో మెట్టుకెళ్లిపోయాం! మీరు బతికితే మళ్లీ దిగిపోతాం. నలభై అయిదో రోజు ప్రపంచ సభ. అధ్యక్షులవారు నాలుగో వరసలో కూర్చుంటున్నారండి. మీరు అందాకా బయటికి రాకుండా, కాస్త చచ్చిపోయి ఉండండి చాలు. ఎవరికీ కనపడొద్దు.”

మా ఆయన తల ఊపారు. సర్కారు ఉద్యోగం కదా. ఆ మధ్యాహ్నం నుంచి కిటికీలు మూసుకుని ముగ్గురం పదివేల మందిలా కూర్చున్నాం.

ముప్పై మూడో రోజు

క్యారేజీ రాలేదు. అత్తగారు రెండుసార్లు పెరటి తలుపు వైపు చూసింది. నేను తలుపు తీసుకుని బయటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, వీధి నిండా జనం. చచ్చిపోయినదాన్ని, అందరూ చూస్తుండగా పరుగెత్తాను.

పిన్ని పొయ్యి ముందు పక్కకి ఒరిగి ఉంది. అన్నం మాడుతోంది. పెదవులు నల్లబడ్డాయి. మందు డబ్బా ఖాళీగా చేతిలో ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు సాయం పట్టగా ఆమెను మా అరుగు మీదికి తెచ్చి, గాలి తగిలేలా కూర్చోబెట్టాను. ఊపిరి తీసుకుంటుంటే చినిగిన తెరచాప చప్పుడు వస్తోంది.

“మందు కావాలి” అన్నాడు చూడ్డానికొచ్చిన మా వీధి కాంపౌండరు. “నా దగ్గర లేదు. పాయ తెరిస్తే గంటలో వస్తాది. తెరవకపోతే ఈ మనిషి ఎల్లుండిని చూడదు.”

పాయ మూసింది మేం చచ్చిపోయామని. మేం బతికి ఉన్నామని మండలికి చెప్పగలిగింది దూలానికున్న ముక్కు ఒక్కటే. వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూర్చున్నాను. మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“వేణీ, ఎలిగించకు. నా ఉద్యోగం పోద్ది. లాకు లేకపోతే మనం ఏం తింటాం?”

పెళ్లయి మూడేళ్లయింది. నేను ఆయన ముఖం చూసి గట్టిగా మాట్లాడింది లేదు. ఆ రోజు కూడా ముఖం చూడలేదు, పొయ్యినే చూశాను, కానీ మాట వచ్చింది.

“మిమ్మల్ని తీసెయ్యరండి. మీ ఒక్కరికీ ఉద్యోగం పోతే మూడువేల మూడువందల మందికి పోయినట్టు పడుద్ది అక్కడ. ఇంకో పది మెట్లు దిగిపోతారు. దేశం మొత్తంలో తీసెయ్యడానికి వీల్లేని లస్కరు మీరొక్కరే.”

ఆయన గుమ్మం వదిలారు. వెనక నుంచి అత్తగారు అగ్గిపెట్టె నా ఒళ్లోకి విసిరింది. “పొడి మట్టలు కాదే. తడి పీచు పెట్టు. గుడ్డి యంత్రానికి కూడా తెలియాలి.”

తడి పీచు పెట్టాను. అత్తగారు ఎండుమిరపకాయలు వేసింది. పొగకు కళ్లు మూసుకుపోయాయి. పైన ముక్కు చీదినట్టు ఏదో చప్పుడు చేసింది. పిన్నికి తగలకుండా వీధి తలుపు మూసి, ముగ్గురం లోపలే కూర్చుని దగ్గాం. పదివేల మందీ ఒక్కసారే లేచి కూర్చున్నారు.

ముప్పై నాలుగో రోజు

మండలి నుంచి ఒక తెల్లటి ఆవిడ ఎగిరే బండిలో దిగింది. మనుషులు బతికున్నారో లేదో స్వయంగా చూడమని పంపారట. ముగ్గుర్నీ నాడి పట్టి చూసింది. మన భాష బాగానే నేర్చుకుంది.

“నా కాగితంలో చనిపోయిన తర్వాత బతికినవారికి గడి లేదు” అంది విచారంగా.

“నువ్వే గీసుకో తల్లీ” అంది అత్తగారు.

ఆవిడ గీసుకుంది. ఆ గడి నిండిన దేశం ప్రపంచంలో మనదొక్కటే కాబట్టి, మరణం నుంచి కోలుకోవడంలో మొదటి స్థానం మనకు వచ్చింది. మిగతా అన్నిటిలో కలిపి నూట డెబ్బై ఒకటి.

నేను ఆవిడ ముందు నిలబడి, అరుగు మీద పిన్నిని చూపించి, “పాయ” అన్నాను. అంతకన్నా మాట రాలేదు. ఆవిడ చేతికున్న గాజులాంటి యంత్రంలో ఏదో చెప్పింది. గంటన్నరకు మీ వైపు నుంచి మొదటి పడవ వచ్చింది. మందు పీల్చాక పిన్ని కళ్లు తెరిచి, “అన్నం మాడిందేటే?” అంది.

అరవయ్యో రోజు

నూట డెబ్బై ఒకటో దేశం కాబట్టి మనకు పొయ్యిలు రావాలి. వచ్చాయి. నాలుగు.

మిగతా ఎనిమిది వేల పొయ్యిలూ ఏమయ్యాయని మా ఆయన అడిగారు. త్రిమూర్తులుగారు తల గోక్కున్నారు. “పొయ్యిలకి బదులు ఏం కావాలని మండలి అడిగిందండి. అధ్యక్షులవారు కుర్చీ అడిగేరు. స్తంభం అవతలికి జరిపేరండి. నాలుగు పొయ్యిలు మాత్రం పుచ్చుకున్నాం, ముక్కులున్న ఇళ్లు నాలుగే కదండీ. మిగతా ఇళ్లలో పెడితే ఎవరు వాసన చూస్తారు?”

కొత్త పొయ్యి మా వంటింట్లో బిగించి, నా చేత వెలిగించి, ఫొటో తీసుకుని వెళ్లారు. నిజంగానే పొగ లేదక్కా. నీలంగా, చప్పుడు లేకుండా మండుతుంది. దాని ముందు కూర్చుంటే వంట చేస్తున్నట్టే ఉండదు.

వాళ్ల బండి మలుపు తిరగగానే అత్తగారూ నేనూ దాన్ని ఊడదీశాం. చెరోవైపు పట్టుకుని పెరటి దారిన పిన్ని గుడిసెలోకి మోసి, అక్కడ బిగించాం. పిన్ని వద్దంది. “మీ పట్టికో?” అంది.

“పట్టిక దగ్గదు కదా పిన్నీ” అన్నాను.

మా పాత పొయ్యి మళ్లీ రాజేశాం.

అరవై అయిదో రోజు

త్రిమూర్తులుగారు వచ్చారు. కొత్త పొయ్యి పెట్టినా మా ఇంటి పొగ తగ్గలేదట. మన మెట్టు నూట డెబ్బై రెండు. వంటింట్లోకి తొంగి చూశారు. పాత పొయ్యి, దాని మీద పప్పు. పెరట్లోంచి పక్కకి చూశారు. పిన్ని గుమ్మంలో కూర్చుని, గోడ పట్టుకోకుండా, మునగాకు దూస్తోంది. లోపల అన్నం ఉడుకుతోంది. కప్పు మీద పొగ లేదు.

ఆయన వంటింట్లోకి తిరిగొచ్చారు. తర్వాత పీట లాక్కుని కూర్చుని, “కాస్త టీ ఉంటే ఇవ్వండమ్మా” అన్నారు. తాగుతూ కాగితం మీద “యంత్ర లోపం” అని రాసుకున్నారు.

“ఇలాగే నూట యాభై కింద ఉంటే, వచ్చే ఏడు మళ్లీ నాలుగొస్తాయండి” అన్నారు గ్లాసు కింద పెడుతూ. “మా అమ్మక్కూడా ఆయాసమే.”

నేను లెక్క వేశాను. ఏడాదికి నాలుగు చొప్పున ఎనిమిది వేల ఇళ్లకు రెండు వేల ఏళ్లు పడుతుంది. అందాకా మేం పొగలో వండాలి. ఫరవాలేదు, మాకు ఉబ్బసం లేదు. మా ఇంటికొచ్చే ఒక్కటీ వచ్చే ఏడు త్రిమూర్తులుగారి అమ్మగారి వంతు, ఆ పైఏడు కాంపౌండరు పెళ్లానిది. జాబితా నా దగ్గరే ఉంది, నోటుబుక్కు వెనక అట్ట లోపల. మీ దేశంలో నేను ఒక జాబితా రాశానని ఎవరికీ చెప్పకు.

అక్కా, ఇది చదివాక కాల్చెయ్. బావగారికి కూడా చూపించకు, ఆయన మంచివారే కానీ కల్లు తాగితే రేడియో. మడిచి పెట్టెలో దాచుకోవద్దు, నువ్వు దాచుకుంటావని నాకు తెలుసు. చించి పాయలో వెయ్యడమూ వద్దు. ఇప్పుడు పోటు మీదుంది, ముక్కలన్నీ మా రేవుకే కొట్టుకొస్తాయి. కాల్చెయ్. బూడిద మొక్కలకు వెయ్యి.

నీ చెల్లెలు,
వీరవేణి